కుడిపక్క చక్రం

రొట్టెల బండి మూడోసారి తిరిగొచ్చింది. షెడ్డు ముందు అది ఆగిన తీరులోనే సంగతంతా మేస్త్రికి తెలిసిపోయింది. ఎప్పుడూ గుమ్మంలోకి ముక్కు దూర్చి హారన్ మోగించే బండి, ఇవాళ మొహం చెల్లని చుట్టంలా నాలుగడుగుల అవతలే నిలబడింది.

"బావా, పోలేదు," అన్నాడు డ్రైవరు దిగుతూనే.

మేస్త్రి కిరసనాయిలు పళ్ళెం ముందేసుకుని ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. "ఏం పోలేదు?"

"మోత. ఎడంపక్క ముందు చక్రం. నువ్వు కొత్త బేరింగు వెయ్యకముందు ఊఁ అనేది. వేశాక ఊఁ ఊఁ అంటోంది."

"కొత్తది కదా, చనువు ఎక్కువ."

మామూలు రోజయితే ఈ మాటకి డ్రైవరు బండి తలుపు పట్టుకుని మరీ నవ్వేవాడు. డ్రైవరు తన చెల్లెల్ని మేస్త్రికి ఇచ్చి చేసినప్పటినుంచీ బావమరుదులిద్దరికీ ఒకరినొకరు దెప్పుకోకపోతే పొద్దు గడవదు. ఇవాళ నవ్వలేదు. కనుబొమలతో వెనక్కి సైగ చేశాడు. బండి రెండో తలుపు తెరుచుకుని చిన్నమ్మాయిగారు దిగింది.

రొట్టెల బట్టీ పెద్దాయన ఈ చిన్న వ్యాను కొన్న పదో రోజున ఆయనకి కూతురు పుట్టింది. ముందొచ్చింది బండి కాబట్టి అది పెద్దమ్మాయి, పాప చిన్నమ్మాయి అయ్యారు. పెద్దాయన పోయి రెండేళ్ళయింది. బట్టీ చూసుకుంటున్న ఈ ముప్ఫై ఏళ్ళ మనిషి ఇప్పటికీ అందరికీ చిన్నమ్మాయిగారే.

"మీ మీద కోపం కాదు మేస్త్రీ," అంది ఆవిడ, ముంజేతికి అంటిన పిండి దులుపుకుంటూ. "రెండుసార్లు చక్రం ఊడదీశారు. రెండుసార్లూ ఇంక సరిపోయిందన్నారు. మర్నాడు బండెక్కితే అదే మోత. ఒకరోజు రొట్టె మాడిందంటే జనం సర్దుకుంటారు. రెండోరోజూ మాడితే ఏమంటారో మీకు నేను చెప్పాలా?"

"చెప్పక్కర్లేదమ్మా."

"సోమవారం దాకా బండి మీ దగ్గరే ఉంచండి. ఈలోగా అద్దె బండితో ఎలాగో నెట్టుకొస్తాను. సోమవారం పొద్దున నేనే వచ్చి ఎక్కి చూస్తాను. అప్పటికీ మోగితే కంపెనీ సర్వీసు సెంటరుకి పంపించేస్తాను. ఇంక ఆ తర్వాత అన్నిటికీ అక్కడికే."

అని చేతులు వెనక్కి కట్టుకుని, అచ్చం వాళ్ళ నాన్నలాగే కాస్త ముందుకి వంగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ సందు తిరిగింది. పెద్దమ్మాయి ముందు చక్రాలు పుట్టి బుద్ధెరిగి మరో చెయ్యి ఎరగవు. ఈ వీధిలో పాలబండీ, చాకలి దుకాణం బండీ కూడా రొట్టెల బండిని చూసే మేస్త్రి దగ్గర నిలబడ్డాయి. అది వెళ్ళిపోతే అవి ఎన్నాళ్ళుంటాయి? అదీకాక, మేస్త్రి చెయ్యి పడితే చక్రం గురించి ఇంక ఆలోచించక్కర్లేదన్న మాటొకటి ఉంది. అలాంటి మాట ఒకసారి పోతే మళ్ళీ రాదు.

"ఎడమదేనా?" అన్నాడు మేస్త్రి.

"ఏం బావా, నా చెవి మీద అనుమానమా?"

"ఛ. నోరు కడుక్కో."

వాళ్ళిద్దరి మధ్యా పని అలాగే నడిచేది. చక్రం పేరు డ్రైవరు చెప్పాలి. ఆ చక్రం మేస్త్రి విప్పాలి. టైరు గాడిలో ఇరుక్కున్న గులకరాయి వెనక చక్రంలో ఉందో ముందు చక్రంలో ఉందో బండి నడుపుతూనే చెప్పేవాడు డ్రైవరు. అతను చెప్పాక మేస్త్రి బండెక్కి చూసిందే లేదు. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చి పిల్ల బాగుందని అన్నయ్య చెప్పాక కూడా మళ్ళీ వెళ్ళి చూస్తారా అనేవాడు.

ఆ గురువారం మధ్యాహ్నమంతా ఎడమ చక్రంతోనే గడిచింది. జాకీ ఎత్తి, కింద దిమ్మె పెట్టి, చక్రం తీశాడు. ఇరుసు చివర గిన్నెలాంటి రేకుమూతని ఉలితో చుట్టూ చిన్నచిన్న దెబ్బలు వేసి, వంకర పోకుండా ఊడదీశాడు. నట్టు జారకుండా అడ్డంగా దూర్చిన పిన్ను కాళ్ళు సరిచేసి లాగాడు. నట్టు, దాని వెనక వాషరు, దాని వెనక బయటి బేరింగు, ఒక్కొక్కటీ వచ్చిన వరసలోనే పాత గుడ్డ మీద పరిచాడు. చక్రం బిగించే హబ్బు లాగి లోపలి బేరింగు కూడా తీసి కిరసనాయిల్లో కడిగాడు. కొత్త రోలర్లు అద్దాల్లా ఉన్నాయి. మచ్చలేదు, గాటులేదు. మళ్ళీ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దానికేసి అదుముతూ, గ్రీజు రోలర్ల సందుల్లోంచి పైకి పొంగేదాకా చుట్టూ తిప్పాడు. కళ్ళు మూసుకున్నా ఆ చేతులు ఆ పని చేస్తాయి. నిజానికి చాలా ఏళ్ళు కళ్ళు మూసుకునే చేశాడు. పని నేర్పిన ముసలి మేస్త్రి అలాగే నేర్పాడు: "నట్టు బిగించేటప్పుడు కళ్ళతో పనేంట్రా? చక్రం తిప్పుతూ బిగించు, వదులు చెయ్యి, మళ్ళీ వేళ్ళతో అందినంత బిగించు. పిసరంత వదులుండాలి. ఆ పిసరు కంటికి కనపడదు, వేళ్ళకే తెలియాలి." వేళ్ళకి తెలియకపోతే ఆయన పానాతో మెటికల మీద ఒక్కటిచ్చేవాడు. ఆ దెబ్బ గుర్తొస్తే ఇప్పటికీ మేస్త్రికి నవ్వొస్తుంది. ఎంత వెచ్చటి దెబ్బ అది!

ఎందుకైనా మంచిదని కుడిపక్క చక్రం కూడా ఎత్తి చూశాడు. ఒక చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగు మీద వేశాడు. బేరింగు గరుకెక్కితే ఆ గరుకు స్ప్రింగులోంచి చేతికి ఎక్కుతుంది. చేతికేమీ తెలియలేదు. నున్నగా ఉందనుకుని దించేశాడు.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు వచ్చాడు. అద్దె బండి తనకి నప్పలేదనీ, దాని సీటు దంతవైద్యుడి కుర్చీలా ఉందనీ తిట్టుకుంటూ పెద్దమ్మాయిలో ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఊరికే, పని లేకుండా. మేస్త్రి బ్రేకు లైటు చూద్దామని కుడివైపు కిటికీకి కాస్త వెనగ్గా నిలబడ్డాడు.

"బావా, బ్రేకు తొక్కు."

డ్రైవరు ఎదరకి చూస్తున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది.

"తొక్కవయ్యా బాబూ."

తొక్కలేదు. కునుకు పట్టిందేమో అనుకున్నాడు మేస్త్రి. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి, వేళ్ళు స్టీరింగు మీద ఏదో పాట దరువు వేస్తున్నాయి. అంతలో మేస్త్రి చేతిలోంచి పానా జారి కిందున్న రేకు మీద ఠంగుమని పడింది. డ్రైవరు ఉలిక్కిపడి తల తిప్పాడు.

ఎడంపక్కకి తిప్పాడు.

అటు ఖాళీ సీటు, దాని అవతల గోడ. ఆ గోడకేసి ఒక క్షణం చూసి, "ఏం పడేశావు బావా?" అన్నాడు గోడనే అడుగుతున్నట్టు.

మేస్త్రి వంగి పానా తీసుకున్నాడు. ఆ వంగడం వంగడం కాసేపు లేవలేదు. కొంతకాలంగా ఇంటికొస్తే బావ ఎప్పుడూ గదిలో కుడి మూలనున్న కుర్చీలోనే ఎందుకు కూర్చుంటున్నాడో, కుడివైపు గోడ తప్ప మనిషి లేకుండా ఎందుకు చూసుకుంటున్నాడో ఇప్పుడు అర్థమయింది. ముప్ఫై ఏళ్ళు కుడి చెవిని కిటికీలోంచి గాలికీ, దుమ్ముకీ, లారీల హారన్లకీ అప్పగించి కూర్చున్నాడు. ఆ చెవి వెళ్ళిపోయింది. ఇక మిగిలిన చెవికి లోకంలో మోతలన్నీ ఎడంపక్కనే ఉంటాయి.

"ఏం లేదు, పానా," అన్నాడు ఎడంపక్కకి నడిచి వచ్చి. "దిగు. ఒకసారి నేను తిప్పుకొస్తాను."

"నువ్వా?" డ్రైవరు నోరెళ్ళబెట్టాడు. "ఎన్నడూ లేంది?"

"బుద్ధి పుట్టింది."

ఊరిచివర మిల్లు పొడుగాటి గోడ పక్కనుంచి ఒక రోడ్డు తిన్నగా పోతుంది. బండి కొత్తగా వచ్చినప్పుడు ఈ రోడ్డు మీదే డ్రైవరు మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంజను ఆపేసి వాలులో దొర్లిస్తూ, "విను, విను, గుక్కతిప్పుకోకుండా పాడుతోంది చూడు," అనేవాడు. వెనక తట్టల్లో రొట్టెలు వేడిగా ఉండేవి. ఆ వాసన మీద ఇద్దరూ పెళ్ళి కాని కుర్రవాళ్ళు ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో. బావా అని పిలుచుకోవడం కూడా ఈ రోడ్డు మీదే, చుట్టరికం కలవకముందే మొదలయింది. ఇప్పుడు వెనక తట్టలు ఖాళీగా గలగలమంటున్నాయి. మేస్త్రి కిటికీలు రెండూ మూసేసి, బండిని కాస్త వేగంగా తోలి, స్టీరింగుని మెల్లగా కుడికి ఊపాడు. మోత తగ్గింది. ఎడమకి ఊపాడు. బరువంతా కుడి చక్రం మీదకి ఒరగగానే అడుగునుంచి మోత లేచి ఊఁ ఊఁ అని మొరపెట్టుకుంది.

"అమ్మ పెద్దమ్మాయీ," అన్నాడు మేస్త్రి. "ఎప్పట్నుంచి చెబుతున్నావే నువ్వు?"

షెడ్డుకి తిరిగొచ్చాక డ్రైవరు అడిగాడు, ఏమయిందని. "రేపు చూద్దాం," అన్నాడు మేస్త్రి. నీ చెవి పోయిందని బావ మొహం మీద ఎలా చెప్పడం? డ్రైవరు అన్న పేరుకే అర్థం లేకుండా పోతుంది. చిన్నమ్మాయిగారికి తెలిస్తే బండి తాళాలు తీసేసుకుంటుంది. అప్పుడింకేం మిగులుతుంది ఆ మనిషికి?

శనివారం డ్రైవరు రాకముందే కుడి చక్రం విప్పడం మొదలుపెట్టాడు. చక్రం తీసి, పేరుకున్న జిడ్డుబురద తుడిచేసరికి రేకుమూత కనిపించింది. అంచు ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. ఎవడో సుత్తితో మొరటుగా మొత్తాడు. మూత లాగాడు. లోపల గ్రీజు గ్రీజులా లేదు, నీళ్ళు కలిసి తెల్లగా, విరిగిన పాలలా ఉంది. నొక్కు పడ్డ చోటనుంచి, బండి కడిగినప్పుడల్లా నీళ్ళు లోపలికి దిగాయి. అరికాలి మంట నెత్తికెక్కింది మేస్త్రికి. మూత తీసింది ఎవడు? ఆ తర్వాత పిన్ను చూశాడు. మేస్త్రి పిన్ను దూరిస్తే ఒక కాలు ఇరుసు కొస మీదకి మడిచి రెండోది తుంచేస్తాడు. ఇక్కడ రెండు కాళ్ళూ కప్ప పడుకున్నట్టు చెరోపక్కకీ పరుచుకుని ఉన్నాయి.

"ఇది నా పిన్ను కాదు," అన్నాడు పైకే. షెడ్డులో ఎవరూ లేరు.

బేరింగు కడిగితే రోలర్ల మీద తుప్పు మచ్చలు, గుంటలు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే ఇసుక నమిలినట్టుంది. కంటికి కనిపిస్తోంది, చెవికి వినిపిస్తోంది. ఎవడో తన వెనక తన పనిలో వేలు పెట్టాడు. ఆ పాపం తన నెత్తిన పడింది. మేస్త్రికి కోపంతోపాటు, దాని అడుగున, చెప్పుకోవడానికి సిగ్గేసేంత సంతోషం కూడా కలిగింది. ఈ మూత, ఈ పిన్ను పట్టుకెళ్ళి చిన్నమ్మాయిగారి ముందు పెడితే చాలు. నా చేతిలో తప్పు లేదమ్మా, ఇదిగో సాక్ష్యం. రెండూ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చేతులు తుడుచుకుంటుండగా భోజనం క్యారేజీతో భార్య వచ్చింది.

"ఎక్కడికి ప్రయాణం?"

"బట్టీ దగ్గరికి. సర్వీసు సెంటరు వాళ్ళ పనితనం చూపించడానికి. నాకు తెలీకుండా వాళ్ళ దగ్గర విప్పించారు. ఇదిగో చూడు, గాడిద కూడా ఇలా కొట్టదు." గుడ్డ విప్పి మూత చూపించాడు.

ఆవిడ మూత వంక చూసింది. క్యారేజీ బల్ల మీద పెట్టి, గిన్నెలు ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది, తొందర లేకుండా.

"సర్వీసు సెంటరు వాళ్ళు కాదు," అంది.

"మరెవరు?"

"ఆ గాడిద మా అన్నయ్య."

మేస్త్రి మూతని మళ్ళీ వెలుగుకేసి తిప్పి చూశాడు.

"కిందటేడాది మీరు చక్రాలు చేసి పంపించారు చూడండి, మర్నాడు మొదటి తిరుగుడు అయ్యేసరికే ఈ చక్రం మధ్యలో చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయిందట. నీళ్ళు చల్లితే చుయ్యిమందట. నట్టు బిగువెక్కువైంది. అన్నయ్య మీ దగ్గరికే వస్తున్నాడు. దారిలో ఇంటి దగ్గర ఆగి నాకు చెప్పాడు. నేనే ఆపాను. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. మన పెరట్లోనే, ఆ పెద్ద పానాతో తనే వదులు చేసుకున్నాడు. మూత మాత్రం ఎక్కలేదు. కొట్టాడు."

"నేను బిగువు పెట్టానా? నేనా?"

"మీరే."

"నా వేళ్ళకి..."

"మీ వేళ్ళకి ఏం తెలుస్తోందండీ?" ఆవిడ గొంతు పెంచలేదు. గిన్నె మూత తీసి ఆవిరి పైకి రానిచ్చింది. "చొక్కా గుండీలు రెండేళ్ళుగా నేను పెడుతున్నాను. తొందరలో ఉన్నానంటారు. మొన్న టీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళు ఎర్రగా కందిపోయాయి, మీరు కబుర్లు చెబుతూనే ఉన్నారు. నేను లాక్కున్నాను. తిమ్మిరి, తిమ్మిరి అని మీరే నిద్దట్లో అంటారు. మెలకువలో అనరు."

మేస్త్రి కుడిచేతి వేళ్ళు ఎత్తి చూసుకున్నాడు. గ్రీజు నలుపు గోళ్ళ సందుల్లో ఎప్పటిలాగే ఉంది. బొటనవేలుతో చూపుడువేలు కొస రుద్దాడు. రుద్దుతున్నట్టు కంటికి తెలిసింది. గురువారం ఈ చేత్తోనే స్ప్రింగు పట్టుకుని నున్నగా ఉందనుకున్నాడు. తుప్పు పట్టి గుంటలు పడ్డ బేరింగుని.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేవారు? షెడ్డుకి తాళం వేసి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. అన్నయ్య కూడా అదే అన్నాడు. బావ బాధపడతాడే, నేను చూసుకుంటాలే అన్నాడు."

"చూసుకున్నాడు! సుత్తితో!"

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. మేస్త్రికి రాలేదు. పీట మీద కూలబడి, గుడ్డలో మూతని ఇటూ అటూ తిప్పుతూ చాలాసేపు ఉన్నాడు. భోజనం చల్లారింది. ఆ రోజు ఆవిడ వేడి చెయ్యనా అని కూడా అడగలేదు, పక్కనే కూర్చుంది.

ఆదివారం డ్రైవరు వచ్చేసరికి రెండు ముందు చక్రాలూ జాకీల మీద ఉన్నాయి, కుడిది విప్పి ఉంది. దానికి కొత్త బేరింగు, కొత్త సీలు, కొత్త మూత గుడ్డ మీద వరసగా ఉన్నాయి. పాత మూత, కప్ప పిన్ను కూడా ఉన్నాయి, కాస్త విడిగా. డ్రైవరు వంగి అవి చూశాడు.

"చెల్లి చెప్పేసిందా?"

"చెప్పింది. మూత కొట్టడం ఎక్కడ నేర్చుకున్నావు, కొబ్బరికాయల దగ్గరా?"

"ఎక్కలేదు బావా మరి!"

"చుట్టూ కొట్టాలి. ఒక్కచోటే కొడితే ఎక్కుతుందా? దానివల్ల నీళ్ళు పోయి బేరింగు చచ్చింది. అది నీ వాటా. అసలు నువ్వు పానా పట్టాల్సి రావడం నా వాటా." మేస్త్రి లేచి, నడిచి అతనికి ఎడంపక్కకి వచ్చాడు. "ఇంకోటి. మోత ఎడంపక్కనుంచి కాదు. కుడిపక్కనుంచి."

డ్రైవరు ఏదో అనబోయాడు. మేస్త్రి చెయ్యెత్తి అతని కుడి చెవి దగ్గర వేళ్ళు చిటికేశాడు. రెండుసార్లు. డ్రైవరు కళ్ళు ఆ చేతిని చూశాయి గానీ మొహంలో ఏ కదలికా లేదు. తల వంచుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు మేస్త్రి.

"తెలీదు. మెల్లిగా పోయింది. మా ఇంటి గడియారం టిక్కుమనడం మానేసిందని రెండుసార్లు బాగుచేయించాను. తర్వాత తెలిసింది, గడియారం బాగానే ఉందని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలియదు. నవ్వు ఆగాక డ్రైవరు చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వుకే అన్నట్టు.

"కూర్చో," అన్నాడు మేస్త్రి. "నీ వేళ్ళు కావాలి."

తను ముప్ఫై ఏళ్ళు కూర్చున్న ముక్కాలిపీట మీద బావని కూర్చోబెట్టాడు. బేరింగుకి గ్రీజు తనే అదిమాడు, ఆ పనికి అరచెయ్యి చాలు. హబ్బు ఎక్కించి, వాషరు పెట్టి, నట్టు చేతికిచ్చాడు. "చక్రం తిప్పుతూ బిగించు. ఇంకా. రోలర్లు కూర్చోవాలి. ఆఁ. ఇప్పుడు వదులు చెయ్యి. మొత్తం. పానా పక్కన పెట్టు. వేళ్ళతో. ఎంత అందితే అంత."

"అందింది."

"పైనా కిందా పట్టుకుని ఊపు. కదిలిందా?"

"కదల్లేదు. ఆగు... ఏదో ఉంది బావా. కదిలిందని అనలేను. ఉంది, అంతే."

"అదే," అన్నాడు మేస్త్రి. "అదే ఆ పిసరు."

ఎన్ని వేలసార్లు తన వేళ్ళకి తెలిసిన మాట అది. బావ మొహంలో ఇప్పుడు కనిపిస్తున్న ఆ చిన్న ఆశ్చర్యం, తన మొహంలో ముసలి మేస్త్రి ఒకనాడు చూసి ఉంటాడు. చూసి, పానా దించేసి ఉంటాడు.

ఎడమ చక్రానికి గురువారం తను బిగించిన నట్టు దగ్గరికొచ్చారు. "నా బిగువు చూడు," అన్నాడు మేస్త్రి. డ్రైవరు చక్రం ఊపాడు, తిప్పాడు. పానా వేసి నట్టుని వెనక్కి తిప్పాడు. వెంట్రుకవాసి కాదు. చూస్తుంటేనే తెలిసేటంత తిప్పాడు. మేస్త్రి మొహం పక్కకి తిప్పుకుని, తుడవక్కర్లేని సుత్తిని గుడ్డతో తుడిచాడు.

సోమవారం చెప్పిన వేళకే చిన్నమ్మాయిగారు వచ్చింది. మేస్త్రి తోలాడు, ఆవిడ పక్కన కూర్చుంది, డ్రైవరు వెనక ఖాళీ తట్టల మధ్య. మిల్లు గోడ పక్కన కిటికీలు మూసి, ఎడమకి ఊపి, కుడికి ఊపి, వేగం పెంచి చూశారు. టైర్ల సవ్వడి తప్ప ఏమీ లేదు.

"పోయింది," అంది ఆవిడ. "ఇంతకీ ఏమిటది?"

పాత మూత మేస్త్రి జేబులో లేదు. షెడ్డులోనే పడేసి వచ్చాడు. నీళ్ళు దిగాయమ్మా, బాగుచేశాను అంటే సరిపోతుంది. బండి ఉంటుంది, పేరు ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మిల్లు గేటు ముందు బండి ఆపాడు.

"మోగింది కుడి చక్రం. నేను విప్పింది ఎడమ చక్రం. కుడిది చెయ్యి పెట్టి చూశాను, బాగుందనుకున్నాను. నా వేళ్ళకి స్పర్శ పోయిందమ్మా. కిందటేడాది కూడా నట్టు బిగువెక్కించింది నేనే. ఇవాళ నట్టు బిగించింది నేను కాదు, మా బావ. పక్కన కూర్చుని నేను చెప్పాను. మీరు సర్వీసు సెంటరుకి పంపించాలనుకుంటే తప్పు పట్టను."

వెనకనుంచి తట్ట జరిగిన చప్పుడయింది. "ఎడమ చక్రమని చెప్పింది నేనండీ," అన్నాడు డ్రైవరు. "నాకు కుడి చెవి వినపడదు."

చిన్నమ్మాయిగారు వెనక్కి తిరిగింది. "అయితే పొగరు కాదన్నమాట!"

"పొగరా?"

"కుడిపక్కనుంచి పిలిస్తే పలకరని బట్టీలో అందరూ అంటారు. పాతకాలం మనిషి, మర్యాదగా ముందుకొచ్చి మాట్లాడితే తప్ప పలకడు అనుకున్నాం. పిండి కలిపేవాళ్ళయితే మీకు భయపడి చస్తున్నారు." ఆవిడ నవ్వు మధ్యలో ఆపింది. "రేపే చెవి డాక్టరుకి చూపించండి. ఆయన సరేనంటేనే తాళాలు. కుడివైపు అద్దం ఇంకా పెద్దది పెట్టించండి మేస్త్రీ."

సర్వీసు సెంటరు మాట ఆవిడ ఎత్తలేదు. మేస్త్రీ అడగలేదు. బండిని షెడ్డు వైపు తిప్పాడు.

షెడ్డు ముందు దిగాక, అలవాటు కొద్దీ మేస్త్రి కుడి చక్రం దగ్గర కూర్చుని, మధ్య మూత మీద చెయ్యి వేశాడు. నట్టు బిగువైతే ఇక్కడ కాలాలి. చెయ్యి వేశాక గుర్తొచ్చింది. వేళ్ళు అక్కడే ఉంచి, ఏమీ తెలియక, అలాగే కూర్చుండిపోయాడు. అద్దం కొలతకి టేపు తేవడానికి షెడ్డులోకి వెళ్ళాడు బావ.

చిన్నమ్మాయిగారు ఒక నిమిషం చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య నొక్కుకుని పక్కన కూర్చుంది. మేస్త్రి చెయ్యి మెల్లగా పక్కకి జరిపి తన అరచెయ్యి మూత మీద పెట్టింది.

"వేడిగా ఉందా అమ్మా?"

"వేడి కాదు."

"చల్లగానా?"

"చల్లగానూ కాదు." కళ్ళు మూసుకుంది. వాళ్ళ నాన్న పొయ్యి ముందు నిలబడి అలాగే కళ్ళు మూసుకునేవాడు. "బట్టీలోంచి తీసి, తట్టలో సర్ది, బండెక్కించే వేళకి రొట్టె ఎంత ఉంటుందో అంత."

మేస్త్రి ఊపిరి వదిలాడు. "అయితే సరిపోయిందమ్మా. అంతే ఉండాలి."

ఆవిడ లేచింది. గ్రీజు అంటిన అరచెయ్యి చూసుకుంది, తుడుచుకోవడానికి గుడ్డ అడగలేదు. ఎవరూ చెప్పకుండానే బండి ముందునుంచి తిరిగి రెండో చక్రం వైపు నడిచింది.